మనకు ‘హ్యావ్’ లేదు

(గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా ఒక ఊరి శాఖా గ్రంథాలయంలో రిటైర్డ్ ఇంగ్లీషు అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనకవాళ్ళకి వినబడుతోందా? ఫ్యాను ఒకటి ఆపితే నయమేమో... ఆఁ, చాలు.

కరపత్రంలో ‘ఇంగ్లీషు సులభంగా నేర్చుకోవడం ఎలా’ అని వేశారు. ఆ మాట నేనివ్వలేదు. ముప్ఫయ్యేళ్ళు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి, సులభం అని ఏ నోటితో చెప్పను? అంతకుముందు నాలుగేళ్ళు ఒక పత్రిక డెస్కులో కూర్చుని ఇంగ్లీషు వార్తలు తెలుగు చేశాను. ఈ రెండు ఉద్యోగాల్లోనూ నన్ను వెంటాడి సతాయించింది ఒకే క్రియ. నాలుగక్షరాలది. హెచ్, ఏ, వి, ఇ. ఇవాళ దాని గురించి తప్ప ఇంకో మాట మాట్లాడను.

మొన్న దసరాకి అమెరికా నుంచి మా మనవడు వీడియో కాల్ చేశాడు. ఏడేళ్ళు వాడికి. ఒళ్ళో తెల్లటి కుక్కపిల్ల. మొహం వెలిగిపోతోంది. “తాతా, నేను కుక్క ఉన్నాను!” అన్నాడు. (నవ్వులు) మా ఆవిడ పక్కనుంచి “నువ్వు కుక్కవేంటి నాన్నా, బంగారుకొండవి” అంటోంది. ఎందుకు నవ్వుతున్నామో వాడికి తెలీదు. నిజానికి వాడి తప్పేముంది చెప్పండి? ‘ఐ’ అంటే నేను. ‘డాగ్’ అంటే కుక్క. ‘హ్యావ్’ అంటే ఏంటమ్మా అని అడిగితే వాళ్ళమ్మ ‘ఉండటం’ అని చెప్పి ఉంటుంది. మూడూ తెచ్చి వరసగా పేర్చాడు.

ఇక మన పిల్లల సంగతి. డిగ్రీ మొదటి సంవత్సరం, మొదటి రోజు. లేచి నిలబడి పరిచయం చేసుకోమంటాం. “ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్.” ముప్ఫయ్యేళ్ళలో ఈ వాక్యం వినని జూన్ నెల లేదు నాకు. మనవడిదీ వీళ్ళదీ ఒకటే తప్పు. గుమ్మం పొట్టిది, వాడు లోపల్నుంచి వస్తూ తల కొట్టుకున్నాడు, వీళ్ళు బయట్నుంచి వస్తూ కొట్టుకుంటున్నారు.

గుమ్మం ఏంటంటే, తెలుగులో ‘హ్యావ్’కి సమానమైన క్రియ లేదు. ‘ఐ హ్యావ్ ఎ బ్రదర్’ అన్నప్పుడు కర్త ‘నేను’. ఆ తమ్ముణ్ణి పట్టుకుని ఉన్నవాణ్ణి నేను. తెలుగులో కర్త తమ్ముడు. ‘నాకు తమ్ముడున్నాడు.’ ఉన్నది వాడు, నేను పక్కన ‘నాకు’ అని ‘కు’ విభక్తిలో నిలబడ్డాను. అసలు చాలాసార్లు ఆ ‘ఉన్నాడు’ కూడా అనం. ‘నాకు ఇద్దరు తమ్ముళ్ళు’ అంటే అయిపోయింది.

పోనీ ప్రతి ‘హ్యావ్’కీ ‘నాకు ఉంది’ అని రాసేసుకుంటే సరిపోతుందా అంటే, అదీ కాదు. బస్సులో ఒక పెద్దమనిషిని ఊహించుకోండి. పదెకరాల మాగాణి, టౌనులో రెండు డాబాలు. కండక్టరు టికెట్ అడిగితే జేబు తడుముకుని నీళ్ళు నములుతున్నాడు, పర్సు ఇంట్లో మర్చిపోయాడు. ఇప్పుడు మనం ఏమంటాం? ‘ఆయనకు డబ్బుంది, ఆయన దగ్గర డబ్బు లేదు.’ ఇందులో తికమక ఏమైనా ఉందా? ఎవరికీ లేదు. ఇదే ఇంగ్లీషులో వట్టి ‘హ్యావ్’తో చెప్పి చూడండి. ‘హీ హ్యాజ్ మనీ, హీ డజ్ నాట్ హ్యావ్ మనీ.’ పిచ్చి మాటలాగా ఉంటుంది. చివర ‘ఆన్ హిమ్’ అని ఒక తోక తగిలిస్తేగానీ అర్థం కుదరదు. మనకు ‘కు’, ‘దగ్గర’ చేసే పని అది. భూమి, బంధువులు, షుగరు, ఓపిక, ఆశ ఇవన్నీ ‘నాకు’ ఉంటాయి. పెన్ను, చిల్లర, ఆధార్ కార్డు ‘నా దగ్గర’ ఉంటాయి. తెలంగాణలో అయితే ‘నా తాన పైసల్లేవ్’. హైదరాబాద్ ఉర్దూలో ‘మేరే కనే’ అన్నా అదే, నా పక్కన అని. తప్పు, సత్తా, భయం ‘నాలో’ ఉంటాయి. ఇంటికి రెండు వాకిళ్ళు, ఇంట్లో మూడు గదులు. ఇంగ్లీషువాడికి ఇవన్నీ ఒకటే ‘హ్యావ్’.

ఇంకో సూక్ష్మం ఉంది, చెప్పకుండా ఉండలేను. ఆవు వ్యాసం మనందరం రాశాం. ‘ఆవుకు నాలుగు కాళ్ళు ఉంటాయి.’ ఉంటాయి. ఉన్నాయి కాదు. లోకంలో ఆవులన్నిటికీ అని. యాక్సిడెంటులో కాలు పోయిన ఆవుని చూసి మాత్రం ‘దీనికి మూడే కాళ్ళున్నాయి’ అంటాం. ఇంగ్లీషు వ్యాసంలోనూ, ఆ కుంటి ఆవు దగ్గరా కూడా ‘హ్యాజ్’ ఒక్కటే.

సరే, ఈ ‘హ్యావ్’ ఎక్కడిది? చూడగానే లాటిన్ ‘హబేరె’ గుర్తొస్తుంది. దానర్థమూ ఇదే, రూపమూ ఇదే. కాబట్టి ఒకటే మాట అనుకుంటాం. కాదు! ఇది భాషాశాస్త్రం క్లాసులో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆశ్చర్యపరిచిన సంగతి. పిల్లల కథలు పోగుచేసిన గ్రిమ్ సోదరుల్లో పెద్దాయన యాకోబ్ గ్రిమ్, 1822లో ఒక సూత్రం వివరించాడు. లాటిన్‌లో మొదట ‘క’ ఉన్న చోట ఇంగ్లీషు, జర్మన్ లాంటి భాషల్లో ‘హ’ వస్తుంది. లాటిన్ ‘కోర్ను’, ఇంగ్లీషు ‘హార్న్’, కొమ్ము. లాటిన్ ‘కెంటుమ్’, ఇంగ్లీషు ‘హండ్రెడ్’, వంద. ఆ లెక్కన ‘హ్యావ్’కి లాటిన్ చుట్టం ‘హ’తో మొదలు కాకూడదు, ‘క’తో మొదలవ్వాలి. ఉంది: ‘కపేరె’. అంటే పట్టుకొను, చేజిక్కించుకొను. ‘క్యాప్చర్’ వచ్చింది దాన్నుంచే. అంటే హ్యావ్ పుట్టుక చేతి పిడికిట్లో. మరి లాటిన్ ‘హబేరె’కి ఇంగ్లీషులో చుట్టం ఎవరయ్యా అంటే, ‘గివ్’ అంటారు. ఇచ్చే మాట, ఉంచుకునే మాట ఇలా తారుమారైపోయాయి.

ఇక్కడ కొందరు మహా ఉత్సాహంగా ఒక సిద్ధాంతం చెబుతారు. ఇంగ్లీషువాడు ఆస్తిపరుడు కాబట్టి వాడి భాషలో ‘హ్యావ్’ ఉంది, మనం వేదాంతులం కాబట్టి మనకు లేదు అని. వాట్సాప్‌లో కూడా తిరిగింది. నమ్మకండి. హిందీకి లేదు, తమిళానికి లేదు, రష్యన్‌కి వాడుకలో ‘నా దగ్గర ఉంది’ అనే పద్ధతే, టర్కీవాళ్ళకి లేదు, ఐర్లండ్ భాషకి లేదు. వీళ్ళంతా వేదాంతులా? ఆ లాటిన్‌లోనే ‘హబేరె’తో పాటు ‘మిహి ఎస్ట్’ అని, అచ్చం మన ‘నాకు ఉంది’ కూడా ఉండేది. ఆ మాట అంటూనే రోమన్లు సగం యూరప్‌ని పట్టుకున్నారు. వ్యాకరణాన్ని చూసి జాతి స్వభావం చెప్పడం చేతిరాత చూసి జాతకం చెప్పడం లాంటిది.

హీబ్రూకి కూడా లేదు. ఇక్కడ చర్చికి వెళ్ళేవాళ్ళు ఉన్నారు కదా, పది ఆజ్ఞల్లో మొదటిది చెప్పండమ్మా. “నేను తప్ప వేరొక దేవుడు నీకు ఉండకూడదు.” ఇంగ్లీషు బైబిల్లో అక్కడ ‘హ్యావ్’ ఉంది, నువ్వు వేరే దేవుళ్ళని హ్యావ్ చెయ్యకూడదు అన్నట్టు. మూలంలో మాత్రం ‘నీకు ఉండకూడదు’ అనే ఉంది. ఇంగ్లీషులో చెయ్యి మారిన వాక్యం తెలుగులో మళ్ళీ తన ఇంటికొచ్చినట్టయింది. అక్కడ ‘వేరొక దేవుణ్ణి కలిగి ఉండరాదు’ అని రాయనందుకు ఆ అనువాదకులకు నమస్కారం పెడతాను. ఎందుకు పెడతానో తర్వాత చెబుతాను.

ఇప్పుడు ‘ఐ యామ్ హ్యావింగ్’. ఇది మనకెలా అంటుకుంది? నా ఊహ చెబుతాను. మనం ‘తింటున్నాను’ అంటే అందులో ‘ఉన్నాను’ దాక్కుని ఉంది, తింటూ ఉన్నాను అని. ఆ ‘ఉన్నా’ వినబడితే ఇంగ్లీషులో ‘ఇంగ్’ పెట్టడం చిన్నప్పుడే అలవాటైపోతుంది. ‘నాకు తమ్ముళ్ళున్నారు’లో కూడా ‘ఉన్నా’ వినబడింది, పెట్టేశాం ‘ఇంగ్’! చెవి చేసిన మోసం.

‘హ్యావ్’ అంటే ఉండటం అయినప్పుడు ‘ఇంగ్’ రాదు. తమ్ముడు, కారు, జ్వరం, డౌటు, వీటన్నిటికీ వట్టి ‘హ్యావ్’. అదే ‘హ్యావ్’ తినడం, తాగడం, గడపడం, అనుభవించడం అయితే ‘ఇంగ్’ హాయిగా వస్తుంది. ‘వియ్ ఆర్ హ్యావింగ్ లంచ్’ తప్పు కాదు, భోంచేస్తున్నాం అని. నా పాత విద్యార్థి ఒకడు ఇంగ్లండులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, టీ తాగే వేళ ఇంటి సంగతులు అడిగితే “మై సిస్టర్ ఈజ్ హ్యావింగ్ టూ చిల్డ్రన్” అన్నాడట. వాళ్ళు కళ్ళు పెద్దవి చేసి, అయితే కవలలా, ఎప్పుడు డెలివరీ అని అడిగారట. (నవ్వులు) ‘హ్యావింగ్ ఎ బేబీ’ అంటే నెలలు నిండుతున్నాయని కదా. వాళ్ళక్క పెద్దకొడుకు అప్పటికి ఇంటరు చదువుతున్నాడు.

ఇది మహాపరాధం అని నేను అనను. మనలో మనం మాట్లాడుకునేటప్పుడు కోట్లమంది అంటారు, అందరికీ అర్థమవుతుంది. కానీ ఇంటర్వ్యూలో అవతలివాడి కనుబొమ్మ ఒక్కసారి పైకి లేస్తుంది చూడండి, దానికి మీరు మూల్యం చెల్లిస్తారు. అందుకే చెబుతున్నా.

‘డజ్ హీ హ్యాజ్’ కూడా అంతే. ఆ ‘జ్’ చప్పుడు ‘డజ్’లోకి వెళ్ళిపోయింది, ఇక ‘హ్యాజ్’లో మిగలదు. ‘డజ్ హీ హ్యావ్.’ నర్సరీలో నల్లగొర్రెని ఉన్ని అడిగే పాటలో ‘డు’ లేకుండా ‘హ్యావ్ యు ఎనీ’ అని ఉందే అంటారా? అది పాతకాలపు పద్ధతి. ఇవాళ గొర్రెని అడిగినా ‘డు యు హ్యావ్’ అనే అడగాలి.

‘హ్యావ్ టు’ అంటే తప్పనిసరి. మాటల్లో ‘హ్యాఫ్టు’ అని వినబడుతుంది, కంగారుపడకండి. ఇక్కడ ఒక తమాషా: ‘ఐ హ్యావ్ టు గో’ని పాత పద్ధతిలో చెబితే ‘నేను వెళ్ళవలసి ఉంది’. వాళ్ళు ‘హ్యావ్’ పెట్టిన చోట మనకు మళ్ళీ ‘ఉంది’ వచ్చింది చూశారా! కాదనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘యు డోంట్ హ్యావ్ టు కమ్’ అంటే రానక్కర్లేదు. ‘యు మస్ట్ నాట్ కమ్’ అంటే రాకూడదు. పెళ్ళికి పిలిచి రెండోది అంటే చుట్టరికం తెగుతుంది.

కాలాల దగ్గరికొద్దాం. ‘ఐ హ్యావ్ లాస్ట్ ది కీ.’ తాళంచెవి పోయింది, ఇంకా దొరకలేదు, గుమ్మంలో నిలబడి ఉన్నాను. ‘ఐ లాస్ట్ ది కీ యెస్టర్డే.’ నిన్న పోయింది, దొరికిందో లేదో వేరే సంగతి. మనకు రెండిటికీ ‘పోగొట్టుకున్నాను’ ఒక్కటే కాబట్టి ‘ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అనేస్తాం. నిన్న అన్నాక ‘హ్యావ్’ కుదరదు. ఎందుకంటే ‘హ్యావ్’ వర్తమానం, పని జరిగిపోయినా దాని ఫలితం ఇప్పుడు చేతిలో ఉందని చెబుతుంది. పాత ఇంగ్లీషులో ఇది అక్షరాలా చేతిలో ఉండటమే. ‘రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది’ అనే వాక్యం, ‘హ్యావ్’, ఉత్తరం, ‘రిటెన్’ అనే వరసలో ఉండేది. పోనుపోను ‘రిటెన్’ ముందుకు జరిగి ‘హ్యావ్ రిటెన్’ అయింది, రాశాను అని అర్థం మారింది. మన దస్తావేజు రాతగాళ్ళ ‘కొని యున్నాను’, ‘రాసి యిచ్చి యున్నాను’ గుర్తొస్తున్నాయా? అలాంటిదే.

ఆ మాట జరగడం ఎంత ముఖ్యమో ఇప్పుడు చూడండి. మంగలి షాపుకి వెళ్ళొచ్చిన కుర్రాడు ‘ఐ కట్ మై హెయిర్’ అంటాడు. అంటే వాడే కత్తెర పట్టుకుని కత్తిరించుకున్నాడని. కాదురా, నువ్వు కత్తిరించావా, కత్తిరించుకున్నావా, కత్తిరించుకొచ్చావా? బ్లౌజు ఉదాహరణ ఇంకా తేట. ఆడవాళ్ళకి వెంటనే తెలుస్తుంది. కుట్టాను, అంటే సూది నా చేతిలో. కుట్టించాను, అంటే టైలరు చేతిలో. కుట్టించుకున్నాను, అంటే టైలరు కుట్టాడు, వేసుకునేది నేను. ‘ఇంచు’ ఒకటి, ‘కొను’ ఒకటి, రెండు చిన్న ముక్కల్లో ఇద్దరు మనుషులు, ఒక లాభం ఇరికించేశాం. ఇంగ్లీషులో ఈ పనికి మళ్ళీ ‘హ్యావ్’నే పిలవాలి. ‘ఐ హ్యాడ్ ది బ్లౌజ్ స్టిచ్డ్.’ ‘హ్యాడ్’, తర్వాత వస్తువు, తర్వాత క్రియ మూడో రూపం. ‘ఐ హ్యాడ్ మై హెయిర్ కట్’, మంగలి కత్తిరించాడు. ‘ఐ హ్యాడ్ కట్ మై హెయిర్’, అంతకుముందే నేనే కత్తిరించుకున్నాను. మాటలన్నీ అవే, ‘కట్’ రెండడుగులు జరిగింది. మనిషి మారిపోయాడు.

ఇంకా వినండి. ‘హీ హ్యాడ్ హిజ్ వాలెట్ స్టోలెన్.’ పర్సు తనే దొంగతనం చేయించాడా? కాదు, వాడి ఖర్మ, పోయింది. ఇదెక్కడి వింత వాడుక అనుకునేవాణ్ణి చదువుకునే రోజుల్లో. ఒకరోజు మా ఇంటి ముందు ఎవరో అంటున్నారు, “సంతలో పర్సు కొట్టేయించుకున్నాడు ఎదవ.” కొట్టేయించుకున్నాడు! తిట్టించుకున్నాడు, తన్నించుకున్నాడు, కుక్క చేత కరిపించుకున్నాడు. ఎవరైనా కోరి కరిపించుకుంటారా? అదే ‘ఇంచు’, అదే ‘కొను’, అదే దురదృష్టం. ‘హ్యావ్’ లేదు లేదు అని ఇందాకట్నుంచీ చెబుతున్నాను కదా, ఇక్కడ మాత్రం రెండు భాషలూ ఒకే మూల నుంచి తొంగిచూశాయి.

ఇక డెస్కు కథ. నేను 1986లో చేరాను. అంతకుముందు ఏడాదే తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఏదో ఇంగ్లీషు వార్తని తెలుగు చేస్తూ ‘ఈ జిల్లా ఇన్ని మండలాలను కలిగి ఉంది’ అని రాశాను. మా చీఫ్ సబ్ ఎడిటరు కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, “ఏమోయ్, జిల్లాకి మండలాలు కలిగాయా? పురుడెవరు పోశారు?” అన్నాడు. డెస్కంతా ఒకటే నవ్వు. కాగితం మీద ఎర్ర పెన్సిలుతో కొట్టేసి ‘ఈ జిల్లాలో ఇన్ని మండలాలున్నాయి’ అని రాశాడు. మూడు అక్షరాలు తగ్గాయి కూడాను.

‘కలుగు’ మన మాటే. శుభం కలుగుగాక, సందేహం కలిగింది, సంతానం కలిగింది. వచ్చేది శుభం, సందేహం, బిడ్డ, మనకు కలుగుతాయి. తెలివిగల, విలువగల, కలిగినవాళ్ళు, కలవారి కోడలు, ఇవన్నీ ఎప్పట్నుంచో ఉన్నవే. ఆ మాటతో నాకు పేచీ లేదు. ‘ఈ ఫోను 8 జీబీ ర్యామ్‌ను కలిగి ఉంది’, ‘ఈ పండు పోషకాలను కలిగి ఉంటుంది’ అని ఫోనునీ పండునీ కర్తని చేసి, ‘ను’ పెట్టి, ‘హ్యాజ్’కి తెలుగు ముసుగు వేసినప్పుడే నా ఒళ్ళు మండుతుంది. ఫోనులో ర్యామ్ ఉంది. పండులో పోషకాలున్నాయి. అంతే కదా. ఈమధ్య కంప్యూటరు చేసే అనువాదాల్లో ‘ఆమె ఒక కుమార్తెను కలిగి ఉంది’ అని కూడా చూశాను. ఆమెకు ఒక కూతురు. మా అమెరికా మనవడు అనే ‘కుక్క ఉన్నాను’కి నవ్విన మనం, దీనికెందుకు నవ్వడం లేదో నాకు అర్థం కాదు. వాడికి ఏడేళ్ళే.

నా టైం అయిపోయిందని నిర్వాహకులు వాచీ చూపిస్తున్నారు. ప్రశ్నలుంటే రెండు తీసుకుంటాను.

(ఒక విద్యార్థి: ‘హ్యాడ్ హ్యాడ్’ అని రెండుసార్లు రావచ్చా సార్?)

రావచ్చు. ‘హీ హ్యాడ్ హ్యాడ్ హిజ్ లంచ్ బిఫోర్ వియ్ కేమ్.’ మొదటి ‘హ్యాడ్’ కాలం కోసం, రెండోది అన్నం కోసం. మేం వెళ్ళేసరికే భోంచేసేశాడు. తెలుగులో ‘సేశాడు’ ఒక్కటి ఆ మొదటి ‘హ్యాడ్’ పని చేసేసింది.

(వెనక వరుసలో ఒక పెద్దావిడ: మేము ‘నాకెవరున్నారు నాయనా’ అంటాం. అదెట్లా అంటారు ఇంగ్లీషులో?)

‘హూ డు ఐ హ్యావ్?’ వ్యాకరణానికి తప్పు లేదమ్మా. పరీక్షలో రాస్తే మార్కు వేస్తాను. కానీ మీరు అడిగింది అది కాదు కదా. మీరు ఎవర్నీ పట్టుకుని ఉంచుకోవాలని అడగట్లేదు, ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు. జవాబు కూడా ‘నీకు నేనున్నాను’ అనే వస్తుంది మనకి. దాన్ని ‘యు హ్యావ్ మి’ అనొచ్చు. మా అమ్మాయి ఫోనులో ఒకసారి నాకు అలాగే చెప్పింది ఇంగ్లీషులో, “నాన్నా, యు హ్యావ్ మి” అని. నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది.